వాన చలికాలంలో అలంకార గడ్డి దుబ్బులు కుళ్లిపోతున్నాయి: ఇప్పుడే కోసేయాలా, ఉంచాలా?

లంకపూలు (సమామిష్, వాషింగ్టన్)
2024 అక్టోబరు 20

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. చిన్నప్పుడు వానలు వెనకబట్టగానే గోదారి లంకల్లో రెల్లు పూసేది. ఏటిగట్టు మీద నించుని చూస్తే పాలు పొంగినట్టు ఉండేది. ఇక్కడ ఇల్లు కొన్నాక పెరట్లో ముందు పెట్టాలనుకున్నది అదే. రెల్లు తేలేను కాబట్టి దాని దగ్గరి చుట్టం మిస్కాంథస్ తెచ్చుకున్నాను, ‘సిల్వర్ ఫెదర్’ రకం.

నిరుడు సెప్టెంబరులో అవి 5, మెక్సికన్ ఫెదర్ గ్రాస్ 7, నీలి ఫెస్క్యూ 9, ‘హామెల్న్’ ఫౌంటెన్ గ్రాస్ 3, ఊదా ఆకుల ఫౌంటెన్ గ్రాస్ 2 నాటాను. నవంబరులో తోటపని వాళ్లు వచ్చి అన్నింటినీ నేలకి నాలుగు అంగుళాలు ఉంచి కోసేశారు. ఉగాదికి చూస్తే ఊదావి రెండూ పోయాయి. ఫెదర్ గ్రాస్ అయిదు పోయాయి. ఫెస్క్యూ పట్టుకుని లాగితే దుబ్బు మధ్యలో నల్లగా, వాసనతో చేతికి ఊడొచ్చింది. మిస్కాంథస్ మూడే చిగిర్చాయి.

ఈ వసంతంలో పోయినవాటి చోట మళ్లీ కొని నాటాను. ఇప్పుడు వాన మొదలైంది, రోజూ కిటికీలోంచి చూస్తూ భయపడుతున్నాను. కోయాలా? ప్లాస్టిక్ పట్టా కప్పాలా? ఇంకో ఏడాది అలా పోగొట్టుకోవడం నా వల్ల కాదు.


వానవూరు (పోర్ట్‌లాండ్, ఆరిగాన్)
2024 అక్టోబరు 20

అక్కా, కోయకుండ్రి. మాది కరీంనగర్ దిక్కు. ఈడికొచ్చి పదకొండేండ్లయింది. మొదటి యేడు నేను గూడ నవంబర్ల కోసి మస్తు నష్టపోయిన.

 మిస్కాంథస్ నువ్వు కోసినవనుకో, వరి కొయ్యకాళ్ల లెక్క నిలవడ్డ ఆ మోళ్ల నడుమకు నీళ్లు నేరుగ దిగి కుదురుల నిలుస్తయి. పైన ఎండిన ఆకు ఉంటె అదే కప్పు. పూరింటి మీద వాన జారినట్టు జారి పక్కకు పోతది. ప్లాస్టిక్ మాత్రం అస్సలొద్దు. లోపల ఉక్కకు ఇంకింత కుళ్లుతది.

ఊదా రంగుది చలికి సచ్చింది, వానకు కాదు. అది ఈడ ఒక్క యేటి మొక్కనే. ఆశ పెట్టుకోకు.


మట్టిబెడ్డ (ప్యుయలప్, వాషింగ్టన్)
2024 అక్టోబరు 21

ల్యాండ్‌స్కేప్ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. వానవూరు గారు చెప్పింది నిజం, కానీ కోత ఒక్కటే కారణం అనుకోను. లంకపూలు గారూ, నాలుగు సంగతులు చెప్పండి. ఇంటి చూరు నీళ్ల గొట్టం ఎక్కడ దిగుతోంది? నాటేటప్పుడు గుంతలో ఏం పోశారు? మొదళ్ల చుట్టూ బెరడు పొట్టు ఎంత మందం ఉంది? చచ్చినవన్నీ ఒకే చోటివా, అక్కడక్కడావా?

ఇంకో పని. పోయినవి ఉన్న చోట ఒకటి, బతికినవి ఉన్న చోట ఒకటి, అడుగు లోతు గుంతలు తీయండి. నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంటకి ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి. కొలవకుండా మందు చెప్పడం నాకు ఇష్టం లేదు.


లంకపూలు
2024 అక్టోబరు 26

కొలిచానండి. బతికిన మిస్కాంథస్ పక్కన గంటకి అంగుళం పైనే దిగింది. ఫెస్క్యూ, ఫెదర్ గ్రాస్ చచ్చిన చోట పొద్దున పోసిన నీళ్లు మర్నాటి పొద్దుటికి కూడా అడుగున ఉన్నాయి.

చూరు గొట్టం సరిగ్గా ఆ మడి మూలలోకే దిగుతోంది. ఇన్నాళ్లూ దాని మీదికి నా దృష్టి పోలేదు. గుంతల్లో నర్సరీ వాళ్లు చెప్పినట్టు బస్తా కంపోస్టు పోశాను. బెరడు పొట్టు మూడు అంగుళాలు ఉంటుంది, మొదలు దాకా.


మట్టిబెడ్డ
2024 అక్టోబరు 27

ఇప్పుడు విషయం తేలింది.

సమామిష్ మెరక మీద మట్టి మంచుయుగంలో హిమనదాల బరువుకి నలిగి బిగిసిన మట్టి. పైన కాస్త మెత్తగా ఉంటుంది, అడుగున గడ్డపారకి కూడా లొంగదు. పైగా ఇళ్లు కట్టేటప్పుడు పైమట్టి గీకేస్తారు. అలాంటి నేలలో గుంత తీసి అందులో మెత్తటి కంపోస్టు నింపితే మీరు చేసింది గాబు. చుట్టూ గట్టి గోడలు, మధ్యలో స్పాంజి. చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకి చేరి అక్కడే ఉంటాయి. ఊళ్లో నల్లరేగడి చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ సియాటిల్ చుట్టుపక్కల చలి పెద్ద శత్రువు కాదు. మిస్కాంథస్, హామెల్న్ ఇంతకన్నా ఎంతో చల్లటి చోట్ల హాయిగా బతుకుతాయి, మంచు కింద పొడిగా నిద్రపోతాయి కాబట్టి. మన దగ్గర అక్టోబరు నుంచి మార్చి దాకా నేల ఆరదు. వేళ్లకి గాలి ఆడదు. గాలి ఆడని వేరు ముందు చస్తుంది, తర్వాత కుళ్లుతుంది.

కాబట్టి మొదటి పని చూరు నీళ్లు మళ్లించడం. గొట్టానికి పొడుగు పైపు తగిలించి, ఇంటికీ ఈ మడికీ పది అడుగుల దూరంలో పల్లానికి వదలండి. ఇది ఈ వారాంతమే చెయ్యండి. తక్కినవన్నీ దీని తర్వాతే.

రెండోది, మొదళ్ల దగ్గర బెరడు పొట్టు తీసేయండి. అరచేయి వెడల్పు నేల కనపడాలి. ఫెదర్ గ్రాస్, ఫెస్క్యూ చుట్టూ ఆ ఖాళీలో సన్న కంకర పరవండి. ఆకు తడి నేలకి అంటుకోకుండా ఉంటుంది.

ఫెస్క్యూ చలికాలపు గడ్డి. వేసవిలో సోమరిగా ఉండి ఇప్పుడు వేళ్లు పోస్తుంది. కాబట్టి వాటిని ఇప్పుడే మట్టిగడ్డతో సహా లేపి, మడి మట్టితోనే బోదె ఎత్తి, చుట్టూ నేల కంటే మూడు నాలుగు అంగుళాలు పైన పెట్టండి. మిస్కాంథస్, హామెల్న్ ఎండాకాలపు గడ్డి. వాటిని ఏప్రిల్ దాకా ముట్టుకోకండి. ఈ చలిలో విడదీసినా, కదిపినా తెగిన వేరు మళ్లీ పోయదు, ఆ గాయంలోంచే కుళ్లు పడుతుంది. ఫెదర్ గ్రాస్ కూడా ఉన్నచోటే ఉంచండి, దానికి కదపడం పడదు.

నిరుడు మీరు సెప్టెంబరులో నాటడం కూడా దెబ్బే. ఎండాకాలపు గడ్డి వసంతంలో నాటితే మొదటి వాన వచ్చేలోపు వేసవంతా వేళ్లు దింపుకుంటుంది. ఈసారి మీరు వసంతంలో నాటారు, అది మంచి మాట.

ఇసుక కలపమని ఎవరైనా చెబితే వినకండి. బంకమట్టిలో కొంచెం ఇసుక కలిస్తే ఇటుక అవుతుంది.


నీరెండ (నెల్లూరు)
2024 అక్టోబరు 28

మీ మాటలు చదవతా ఉంటే మా ఊరే గుర్తొస్తా ఉండాది. ఆంధ్రాలో తక్కిన చోట్ల వాన వెనకబట్టినాక మాకు అసలు వాన మొదలవతాది. ఆశ్వయుజం, కార్తీకం, ఈశాన్య రుతుపవనాలే మాకు ఆధారం. మా ఇంటి ముందర నిమ్మగడ్డి, వట్టివేరు, ఊదా ఫౌంటెన్ గడ్డి ఉండాయి. ఊదాది మా దగ్గర ఏళ్ల తరబడి బతకతాది, చలి లేదు గదా. నీళ్లు నిలిస్తే మాత్రం వారంలో పసుపు తిరగతాది. నేను అన్నిట్నీ బోదె మీదే పెడతా. వట్టివేరు ఒక్కటి మాత్రం కాలవ గట్టున నీళ్లలో నిలబడినా ఏమీ కాదు.

మాకు ఎండ, వెచ్చదనం ఉంటాయి, గడ్డి పెరగతానే ఉంటాది, కాబట్టి వాన నడుమ కోసినా మళ్లీ పిలకేస్తాది. మీకు అట్ట కాదు. నా పద్ధతి చూసి మీరు కోయబాకండి అని చెప్పేదానికే రాస్తా ఉండా.


లంకపూలు
2024 నవంబరు 10

పైపు మళ్లించాం. మా వారు, నేను ఒక శనివారమంతా పలుగు పట్టుకుని తవ్వాం. ఫెస్క్యూ తొమ్మిదీ బోదె ఎక్కాయి.

కొత్త చిక్కు వచ్చింది. కాలనీ సంఘం నుంచి నోటీసు. ముందు పెరట్లో ‘ఎండిన మొక్కలు’ 14 రోజుల్లో తీసేయాలట. మిస్కాంథస్ గురించే. బంగారు రంగులోకి తిరిగి, పొద్దుటి పొగమంచులో వెన్నులు వంగి ఎంత బాగున్నాయో. అవి వాళ్లకి చెత్తలా కనిపించడం మనసుకి కష్టంగా ఉంది.


మబ్బుపట్టు (మాంచెస్టర్, ఇంగ్లండ్)
2024 నవంబరు 10

లంకపూలు గారూ, మా ఊరు కూడా మీ ఊరి లాంటిదే, మబ్బు వీడదు. నాది విశాఖ.

చలికాలంలో ఎండు గడ్డిని, ఎండిన గింజల గుత్తుల్ని నిలబెట్టి ఉంచడం బద్ధకం కాదు, తోటపనిలో ఒక పద్ధతి. న్యూయార్క్ హై లైన్ పార్కులో మొక్కల కూర్పు చేసిన డచ్ తోటల రూపకర్త పీట్ ఔడాల్ఫ్ తోటల్లో వీటిని చలికాలం చివర్లోనే కోస్తారు. మాకు దగ్గర్లో స్టోక్ ఆన్ ట్రెంట్ పక్కన ట్రెంథమ్ తోటలో ట్రెంట్ నది ఒడ్డున ఆయన మొలీనియా గడ్డిని నది పారినట్టు నాటారు. నేను శీతాకాలంలోనూ వెళ్లి చూశాను. కాళ్ల కింద నేల బురద బురదగా ఉంది, అయినా ఆ గడ్డికి దిగుల్లేదు. మొలీనియా పుట్టుకే తడి బీళ్లలో.

ఒక్క మాట ఒప్పుకోవాలి. పడిపోయి పక్క మొక్కల మీద తడి బొంతలా పరుచుకున్న ఆకుని ఉంచడం మంచిది కాదు. దాని కింద నత్తలు, ఎలుకలు చేరతాయి. పడిన కాడల వరకు తీసేసి, నిలబడ్డ వాటిని ఉంచండి.


వానవూరు
2024 నవంబరు 11

అక్కా, సంఘపోళ్లకు ఒక ఉత్తరం రాయి. ‘ఇది ఎండిన మొక్క కాదు, నిద్రల ఉన్న మొక్క. ఇప్పుడు కోస్తే సస్తది. మార్చి 10 లోపట కోస్త’ అని తారీఖుతోని రాయి. తారీఖు పెడితె నమ్ముతరు, నా అనుభవం. దుబ్బు నడుముకు మట్టి రంగు తాడు ఒక చుట్టు కట్టు, మన దగ్గర మోపు కట్టినట్టు గట్టిగ కాదు, వదులుగ. చూడనీకి పద్ధతిగ ఉంటది, గాలికి పడదు.


లంకపూలు
2024 నవంబరు 24

ఇక్కడ 19వ తేదీ రాత్రి గాలివాన గురించి వినే ఉంటారు. తూర్పు నుంచి కొట్టింది. మాకు నాలుగు రోజులు కరెంటు లేదు. పిల్లలు కొవ్వొత్తుల వెలుగులో అన్నం తిన్నారు. మా వీధిలో పెద్ద డగ్లస్ ఫర్ చెట్టు కూలింది, ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు.

తెల్లారి చూస్తే ఒక మిస్కాంథస్ మీద కొమ్మ పడి దుబ్బు సగానికి విరిగింది. తాడు కట్టిన నాలుగూ నిలబడి ఉన్నాయి. పక్కింటి వాళ్ల ‘కార్ల్ ఫోర్‌స్టర్’ గడ్డి ఒక్క కాడ వంగలేదు, ఏ తాడూ లేకుండా. సంఘం వాళ్లు మార్చి 10 గడువుకి ఒప్పుకున్నారు!

విరిగినదాన్ని ఏం చేయాలి?


మట్టిబెడ్డ
2024 నవంబరు 25

విరిగిన కాడలు విరిగిన చోటికే కత్తిరించండి, కిందకి పోకండి. తక్కిన సగం వంచి దాని మీద కప్పులా కట్టేయండి. దాని దారిన అది బతుకుతుంది.

కార్ల్ ఫోర్‌స్టర్ గురించి చెప్పకుండా ఉండలేను. జర్మనీలో నర్సరీ నడిపిన ఆయన పేరే దానికి పెట్టారు. గొడ్డు రకం, గింజ పడి మొలవదు. కలుపవుతుందనే భయం లేదు. మా బంకనేలలో, వానలో, ఇంత ఓర్చుకునే నిలువు గడ్డి ఇంకోటి నేను చూడలేదు. ఖాతాదారులు మిస్కాంథస్ అడిగినా ముందు దీన్నే చూపిస్తాను. మీ ఊళ్లోనే ఎలా ఉంటాయో చూడాలంటే జనవరిలో ఓ రోజు బెల్‌వ్యూ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లండి, టికెట్ లేదు. పెరెన్నియల్ బోర్డర్ (ఏళ్ల తరబడి ఉండే మొక్కల మడి)లో గడ్డి రకాలు ఏవి నిలబడ్డాయో, ఏవి పడ్డాయో కళ్లతో చూసి కొనుక్కోవచ్చు.


కొత్తచిగురు (బోథెల్, వాషింగ్టన్)
2025 జనవరి 16

నేను ఈ చర్చ మొదటి నుంచి చదివాను. నాకు నేల లేదు, అపార్ట్‌మెంట్ బాల్కనీ. కుండీల్లో నిమ్మగడ్డి, ఫెదర్ గ్రాస్, నారింజ రంగు కేరెక్స్ ఉన్నాయి. అడుగున రెండు అంగుళాలు కంకర వేశాను కూడా. అయినా మట్టి ఎప్పుడూ తడే. నిమ్మగడ్డి ఆకులు గడ్డి రంగుకి వచ్చాయి. సంక్రాంతికి అమ్మ ఫోన్‌లో చూసి ‘అది చచ్చిపోయిందే’ అంది.


మట్టిబెడ్డ
2025 జనవరి 16

అడుగున కంకర వేయడం చాలామంది చేసే పొరపాటు. సన్న మట్టిలోంచి నీరు కంకరలోకి సులువుగా దిగదు. మట్టి పూర్తిగా తడిసి నిండితేనే దిగుతుంది. అంటే కంకర వేసిన మేర తడి పొర పైకి జరిగి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉద్యాన శాస్త్రవేత్త లిండా చాకర్ స్కాట్ గారు ఈ అపోహ గురించి ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. కుండీ అంతా ఒకే రకం, గుల్ల మట్టి ఉండాలి. కింద పళ్లెం తీసేయండి. రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, కన్నం మూసుకుపోకుండా.

కేరెక్స్ నిజానికి గడ్డి కాదు, మన తుంగ కుటుంబం. కాడ పట్టుకుని వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడంచులు తగులుతాయి. పొలంలో తుంగ తడికి చస్తుందా? దాని గురించి బెంగ వద్దు. ఫెదర్ గ్రాస్‌ని గోడవారకి, వాన తగలని చోటికి జరపండి.


వానవూరు
2025 జనవరి 17

నిమ్మగడ్డిని లోపలికి తెచ్చుకో చెల్లె. ఆకు ఎండినా దుబ్బు మొదట్ల తెల్లగ, గట్టిగ ఉంటె పానం ఉన్నట్టే. నేనైతే దీపావళికే గరాజుల పెడత, నెలకు రెండుసార్లు గుక్కెడు నీళ్లు. మెత్తవడితె మాత్రం సచ్చినట్టే. మంచిగున్న పిలక ఒకటి తీసి గ్లాసు నీళ్లల్ల పెట్టి కిటికిల ఉంచు, వేరు పోస్తది. అమ్మకు గదే జూపియ్యి.


లంకపూలు
2025 ఫిబ్రవరి 16

పక్కింటి కార్ల్ ఫోర్‌స్టర్ మొదట్లో అప్పుడే పచ్చ మొనలు కనిపిస్తున్నాయి. నావి ఇంకా నిద్రలోనే ఉన్నాయి. ఎప్పుడు, ఎలా కోయాలో వరసగా చెప్పండి. నోటీసు గడువు దగ్గరికొస్తోంది.


వానవూరు
2025 ఫిబ్రవరి 16

కార్ల్ ఫోర్‌స్టర్ చలికాలపుది, గందుకే ముందు లేస్తది. ఆళ్లను ఈ వారంల కోసుకోమను. ఆలస్యమైతె కొత్త మొనలు గూడ తెగి యేడంత బోడి కొసలతోని కనవడ్తయి. నీ మిస్కాంథస్ మార్చి మొదటి వారం.

పూర చేతుల అంగి, తోలు గ్లౌజులు, కండ్లకు అద్దాలు పెట్టుకో. గీ ఆకు అంచు రంపం లెక్క ఉంటది, రెల్లు కోసినోళ్లకు ఎరుకే. ముందుగాల దుబ్బును మోకాలి ఎత్తుల ఒకతాన, నడుము ఎత్తుల ఒకతాన తాడుతోని బిగించి కట్టు. ఈసారి గట్టిగనే. ఆ తాళ్ల కింద, నేల నుంచి ఐదారు అంగుళాల పైన కొయ్యి. మోపు మోపే లేస్తది, పెరడంత పరక పరక ఏరే పని లేదు. నేను మా తాతనుండి తెచ్చుకున్న కొడవలితోనే కోస్త, హెడ్జ్ ట్రిమ్మర్ అయినా మంచిదే. ఎండిన నాడు కొయ్యి, తడి గడ్డి బ్లేడుకు సుట్టుకుంటది.


మబ్బుపట్టు
2025 ఫిబ్రవరి 17

ఫెస్క్యూ, ఫెదర్ గ్రాస్ మాత్రం ఈ లెక్కలో చేర్చకండి. అవి ఏడాదంతా పచ్చగా ఉండేవి, మొదలంటా కోస్తే తేరుకోవు. రబ్బరు గ్లౌజు తొడుక్కుని, చిన్నపిల్ల జడ చిక్కు తీసినట్టు వేళ్లతో మొదటి నుంచి కొస దాకా దువ్వండి. ఎండినది చేతికి వచ్చేస్తుంది, పచ్చది ఉండిపోతుంది. నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన తోటపని ఇదే.

ఫెస్క్యూ ఎంత బాగా చూసినా రెండు మూడేళ్లకి మధ్యలో బోసిపోతుంది. అప్పుడు లేపి, మధ్య భాగం పారేసి, అంచు పిలకలు నాటుకోవాలి. తప్పు మీది కాదు, దాని స్వభావం అంత.


లంకపూలు
2025 మార్చి 9

కోశాం! ఒకరోజు ముందే. మోపులు కట్టి వరసగా నిలబెడితే మా పెద్దబ్బాయి ‘తాతగారి కళ్ళం ఫొటోలా ఉంది’ అన్నాడు. ఒక దుబ్బులో పిచ్చుకలాంటి చిన్న పిట్టలు రాత్రిళ్లు పడుకునేవని అప్పుడే తెలిసింది, లోపల ఈకలు, రెట్టలు. నవంబరులో కోసి ఉంటే వాటికి ఆ గూడు ఉండేది కాదు.

కొయ్యకాళ్ల మధ్య వేలు పెట్టి చూశాను, గట్టిగా, పొడిగా ఉంది. నల్లది ఎక్కడా లేదు.


లంకపూలు
2025 ఏప్రిల్ 19

మళ్లీ భయం పట్టుకుంది. మిస్కాంథస్ అయిదూ చిగిర్చాయి, కొమ్మ పడినదానితో సహా. ఫెస్క్యూ తొమ్మిదిలో ఎనిమిది బాగున్నాయి. ఫెదర్ గ్రాస్ ఏడులో ఆరు ఉన్నాయి. కానీ హామెల్న్ మూడూ కర్రల్లా ఉన్నాయి, ఒక్క పచ్చ మొన లేదు. నర్సరీలో కొత్తవి అమ్మకానికి వచ్చాయి. తీసేసి కొత్తవి పెట్టేయనా?


మట్టిబెడ్డ
2025 ఏప్రిల్ 19

ఆగండి. హామెల్న్ అందరికంటే ఆలస్యంగా లేస్తుంది. మన చల్లటి వసంతంలో మే నెల వచ్చేదాకా ఏమీ కనపడకపోవడం మామూలే. ఏటా ఈ రోజుల్లో బతికున్న హామెల్న్ దుబ్బులు చెత్తబండి ఎక్కడం చూస్తుంటాను, బాధేస్తుంది. కొయ్యకాళ్లు గుప్పిట పట్టి మెల్లగా లాగండి. ఊడి రాకుండా నేల పట్టుకుని ఉంటే వదిలేయండి.

ఈలోపు ఇంకో పని ఉంది. మీరు మళ్లించిన చూరు నీళ్లు పడే పల్లం ఖాళీగానే ఉండి ఉంటుంది. అక్కడ టఫ్టెడ్ హెయిర్ గ్రాస్, స్లూ సెడ్జ్ (ఇదీ కేరెక్సే, తుంగ కుటుంబం) పెట్టండి. రెండూ ఈ నేలకి చెందినవే, చలికాలమంతా తడిలో నిలబడతాయి. నర్సరీలో ఎర్ర కొసల జపనీస్ బ్లడ్ గ్రాస్ చూపిస్తే మాత్రం వద్దనండి. అది మన పక్క చాలాచోట్ల దర్భగా వాడే జాతిదే. ఆ జాతి ఇక్కడ ఫెడరల్ కలుపు జాబితాలో ఉంది. ఎర్ర రకం ఆకుపచ్చకి తిరిగితే నేల కింద పాకి ఆపలేరు.


లంకపూలు
2025 మే 11

లాగి చూశాను, ఊడలేదు. వదిలేశాను.

ఇవాళ పొద్దున కాఫీ పట్టుకుని వెళ్తే మూడో దుబ్బు పక్కన రెండు మొనలు కనిపించాయి, అగ్గిపుల్లంత. వంగి చూస్తే మొదటిదానిలో కూడా ఉన్నాయి. రెండోదానిలో ఇంకా రాలేదు, దానికి ఇంకో రెండు వారాలు టైమిస్తాను.

పల్లంలో స్లూ సెడ్జ్ ఆరు నాటాను. మూడంచులు పిల్లలకి తిప్పి చూపించాను.